పచ్చి బ్రిటిష్ గ్యారేజ్ రాక్: నాలుగు తొలి ఆల్బమ్‌లలో ముందు ఏది వినాలి?

లిబర్టీన్స్ అనే లండన్ బ్యాండ్ "అప్ ద బ్రాకెట్" పాట ఒక అరుపుతో మొదలవుతుంది. అందులో మాట లేదు, రాగం లేదు. వీధి చివరి నుంచి పరిగెత్తుకొచ్చినవాడు గుమ్మంలో అడుగు పెడుతూనే అరిచినట్టు ఉంటుంది. దాని వెనకాలే గిటార్లు దూసుకొస్తాయి. ఆ ఒక్క అరుపు నచ్చితే ఈ తరహా సంగీతం మీకు నచ్చుతుంది. చిరాకు పుడితే మాత్రం మీరు వేరే ఆల్బమ్‌తో మొదలుపెట్టడం మంచిది. ఏదన్నది కింద చెబుతాను.

ఇదంతా మళ్లీ తవ్వడానికి కారణం మా మేనల్లుడు. వాడికి పదిహేడేళ్లు. కొత్తగా ఎలక్ట్రిక్ గిటార్ కొనుక్కున్నాడు. "మామయ్యా, పాలిష్ లేని బ్రిటిష్ బ్యాండ్ ఆల్బమ్ ఒక్కటి చెప్పు, పది చెప్పకు" అన్నాడు. ఒక్కటే చెప్పాలంటే కష్టమే. నెల రోజులు పాతవన్నీ మళ్లీ విన్నాను. చివరికి నాలుగు మిగిలాయి: కింక్స్ (1964), ప్రెటీ థింగ్స్ (1965), లిబర్టీన్స్ (2002), ఆర్కిటిక్ మంకీస్ (2006). నాలుగూ ఆయా బ్యాండ్ల మొదటి ఆల్బమ్‌లే.

వెతికేటప్పుడు ఒక జాగ్రత్త. "యూకే గ్యారేజ్" అని టైప్ చేస్తే వచ్చేది వేరే సంగీతం. అది 1990లలో లండన్ క్లబ్బుల్లో పెరిగిన ఎలక్ట్రానిక్ డ్యాన్స్ మ్యూజిక్. మనకు కావాల్సింది "గ్యారేజ్ రాక్". అసలు ఈ పేరు పుట్టింది అమెరికాలో, ఇళ్ల పక్కన కారు షెడ్లలో ప్రాక్టీస్ చేసిన 1960ల కుర్ర బ్యాండ్ల వల్ల. 1964లో లండన్‌లో ఎవరూ తమది గ్యారేజ్ రాక్ అనుకోలేదు. వాళ్ల లెక్కలో అది రిథమ్ అండ్ బ్లూస్. చికాగో బ్లూస్ రికార్డులు తెప్పించుకుని, వాటిని రెట్టింపు వేగంతో, సగం నేర్పుతో వాయించారు. నేర్పు తక్కువైన చోట ఆవేశం వచ్చి కూర్చుంది. అదే తర్వాత ఒక శైలి అయింది.

లిబర్టీన్స్: నేను మళ్లీ మళ్లీ తిరిగొచ్చేది

"అప్ ద బ్రాకెట్" ఆల్బమ్‌ను రఫ్ ట్రేడ్ సంస్థ 2002 అక్టోబర్‌లో విడుదల చేసింది. 12 పాటలు, మొత్తం కలిపి నలభై నిమిషాలు కూడా ఉండవు. పేరు పాత లండన్ యాసలోది. మూతి మీద ఒక్కటివ్వడం అని అర్థం. హాస్యనటుడు టోనీ హాన్‌కాక్ నోట 1950లలో రేడియోలోనూ టీవీలోనూ వినిపించిన మాట. పాత ఇంగ్లండ్ మీద ఈ కుర్రాళ్లకున్న మోజు పేరులోనే తెలిసిపోతుంది.

పీట్ డోహర్టీ, కార్ల్ బరాట్ ఇద్దరూ పాడతారు, ఇద్దరూ గిటార్ వాయిస్తారు. బేస్ జాన్ హాసల్, డ్రమ్స్ గ్యారీ పావెల్. తూర్పు లండన్‌లోని బెత్నల్ గ్రీన్‌లో పీట్, కార్ల్ ఉన్న ఫ్లాట్‌కి వాళ్లే "ది ఆల్బియన్ రూమ్స్" అని పేరు పెట్టుకున్నారు. అభిమానుల్ని పిలిచి ఆ ఇంట్లోనే కచేరీలు చేసేవాళ్లు. ఆల్బమ్ రికార్డ్ చేసింది సెయింట్ జాన్స్ వుడ్‌లోని ఆర్‌ఏకే స్టూడియోలో. ప్రొడ్యూసర్ మిక్ జోన్స్, అంటే పంక్ బ్యాండ్ క్లాష్ గిటారిస్టు. ఆయన ఈ పిల్లల్ని దిద్దే పని పెట్టుకోలేదు. నలుగురూ ఒకే గదిలో కలిసి వాయిస్తుంటే ఆ ఊపును పట్టుకోవడం మీదే దృష్టి పెట్టాడు. వింటుంటే ఆ గది కనబడుతుంది.

మొదటిసారి ఈ ఆల్బమ్‌ను ఫోన్ స్పీకర్లో విన్నాను. నచ్చలేదు. గిటార్లు శ్రుతి తప్పినట్టు, గొంతులు నత్తినత్తిగా అనిపించాయి. చాలా ఏళ్ల తర్వాత ఒక స్నేహితుడింట్లో పెద్ద స్పీకర్ల మీద విన్నప్పుడు గానీ డ్రమ్స్ నా చెవిన పడలేదు. ఈ ఆల్బమ్ తాళంచెవి అక్కడుంది. అందరూ పీట్, కార్ల్ గురించే మాట్లాడతారు. కానీ ఆ ఇద్దరూ అంత నిర్లక్ష్యంగా వాయించి కూడా పడిపోకుండా ఉన్నారంటే కారణం గ్యారీ పావెల్. వాళ్లు ఎక్కడ జారినా ఆయన దెబ్బ మాత్రం తప్పదు. డప్పును మంట దగ్గర కాచి వాయించేవాళ్లకు తెలుసు, తోలు బిగిసాక పడ్డ దెబ్బ చెవికన్నా ముందు గుండెకు తగులుతుంది. "హారర్‌షో" పాటలో స్నేర్ డ్రమ్ (టపటపమని పదునుగా మోగే డ్రమ్) సరిగ్గా అలా తగులుతుంది.

"డెత్ ఆన్ ద స్టెయిర్స్" వినండి. ఇద్దరు గాయకులూ ఒకరి మాట ఇంకొకరు అందుకుంటారు. చిన్నప్పటి నుంచి ఒకే మంచం మీద పడుకున్న అన్నదమ్ములు ఒకే కథను పోటీపడి చెబుతున్నట్టుంటుంది. గిటార్లు కూడా అంతే. ఒకటి లీడ్, ఒకటి రిథమ్ అనే విభజన పెద్దగా కనిపించదు. ఒకటి అడ్డొస్తుంది, ఇంకొకటి తప్పుకుంటుంది, మళ్లీ రెండూ ఢీకొంటాయి. గిటార్ నేర్చుకునేవాళ్లకు ఇది గొప్ప పాఠం: ఇద్దరు మామూలు వాయిద్యగాళ్లు ఒకరినొకరు వింటే ఏం జరుగుతుందో ఇందులో తెలుస్తుంది.

ఇక "టైమ్ ఫర్ హీరోస్". 2000లో లండన్‌లో మే డే నాడు జరిగిన అల్లర్లు ఈ పాట వెనక ఉన్నాయి. పోలీసులు, లాఠీలు, పరుగులు, మధ్యలో ప్రేమ. ఒక ఇంగ్లిష్‌వాడు బేస్‌బాల్ టోపీ పెట్టుకుని కనిపించడం ఎంత దిగులు పుట్టించే దృశ్యమో అనే భావం వచ్చే వాక్యం ఇందులోదే. అమెరికా సంస్కృతి తమ వీధిని ముంచేస్తోందన్న బాధ అది. విచిత్రం ఏమిటంటే బ్రిటన్‌లో ఇలాంటి గిటార్ సంగీతానికి మళ్లీ ఊపు తెచ్చింది అమెరికా బ్యాండ్లే. 2001లో న్యూయార్క్ బ్యాండ్ స్ట్రోక్స్, డెట్రాయిట్ బ్యాండ్ వైట్ స్ట్రైప్స్ ఇంగ్లండ్‌ను ఊపేశాయి. స్ట్రోక్స్‌ను బ్రిటన్‌లో విడుదల చేసింది కూడా రఫ్ ట్రేడే. దానికి లండన్ ఇచ్చిన జవాబు లిబర్టీన్స్ అని నేను నమ్ముతాను.

లోపాలు ఉన్నాయి. "రేడియో అమెరికా" మత్తుగా, నెమ్మదిగా సాగుతుంది. మొదటి వారం నేను ప్రతిసారీ దాటేశాను. ఇప్పుడు అది ఊపిరి పీల్చుకునే చోటుగా అనిపిస్తోంది గానీ, మీరు దాటేసినా నష్టం లేదు. మాటలు స్పష్టంగా వినపడవు. లిరిక్స్ ముందు పెట్టుకుని ఒకసారి చదివి, తర్వాత పక్కన పడేసి వినండి. విడుదలైనప్పుడు ఈ ఆల్బమ్ బ్రిటిష్ చార్టుల్లో 35వ స్థానం దాటలేదు. తర్వాత వచ్చిన బ్యాండ్ల మీద పడిన ప్రభావం మాత్రం ఆ అంకెకు ఎన్నో రెట్లు.

కింక్స్: ఒక్క పాట కోసం ఆల్బమ్ కొనొచ్చా?

"అప్ ద బ్రాకెట్" అరుపు మీకు పడకపోతే 1964కి వెళ్లండి. కింక్స్ మొదటి ఆల్బమ్ ఆ ఏడాది అక్టోబర్‌లో పై రికార్డ్స్ (Pye) అనే సంస్థ నుంచి వచ్చింది. ప్రొడ్యూసర్ షెల్ టాల్మీ. 14 పాటలు. అందులో "యూ రియల్లీ గాట్ మీ" అప్పటికే ఆగస్టులో సింగిల్‌గా, అంటే విడి పాట రికార్డుగా వచ్చి, బ్రిటన్‌లో నంబర్ వన్ అయి కూర్చుంది. ఆ వేడి చల్లారకముందే ఆల్బమ్ తీసుకురావాలని తొందరపడ్డారు. ఆ తొందర ఆల్బమ్ అంతటా కనిపిస్తుంది.

ముందు ఆ పాట సంగతి. గిటారిస్టు డేవ్ డేవిస్ వయసు అప్పుడు పదిహేడు, మా మేనల్లుడి వయసే. అతని దగ్గర ఎల్పికో అనే చిన్న ఆకుపచ్చ ఆంప్లిఫయర్ ఉండేది. దాని స్పీకర్ లోపలి కాగితపు కోన్‌ను బ్లేడుతో చీరేశాడు. మామూలుగా కోన్ నున్నగా ముందుకూ వెనక్కూ కదులుతుంది, అందుకే శబ్దం శుభ్రంగా వస్తుంది. చీరిన కోన్ అంచులు ఒకదానికొకటి రాసుకుని బుర్రుమంటాయి. ఆ చిన్న ఆంప్ శబ్దాన్ని పెద్ద వాక్స్ ఏసీ30 ఆంప్‌లోకి పంపాడు. ఈ రోజు ఫోన్ యాప్‌లో ఒక బటన్ నొక్కితే వచ్చే డిస్టార్షన్‌ను అతను బ్లేడుతో సంపాదించాడు. ఆ పాటను మొదట నెమ్మదిగా, మర్యాదగా రికార్డ్ చేశారు. బ్యాండ్‌కు అది నచ్చలేదు. పట్టుబట్టి మళ్లీ రికార్డ్ చేయించుకున్నారు. అందులో గిటార్ సోలో తర్వాత లెడ్ జెప్పెలిన్ బ్యాండ్‌తో పేరు తెచ్చుకున్న జిమ్మీ పేజ్ వాయించాడని ఇప్పటికీ ప్రచారం ఉంది. అది నిజం కాదు, వాయించింది డేవ్ డేవిసే.

మరి మిగతా పదమూడు పాటలు? నిజం చెప్పాలంటే హెచ్చుతగ్గులు చాలా ఉన్నాయి. అమెరికా గాయకులు చక్ బెర్రీ, బో డిడ్లీ పాటల కవర్లు, అంటే వాళ్ల పాటల్ని మళ్లీ పాడినవి, ఉత్సాహంగా ఉన్నాయి గానీ, అలా పాడే బ్యాండ్లు ఆ రోజుల్లో లండన్‌లో వీధికొకటి. "స్టాప్ యువర్ సాబింగ్" మాత్రం డేవ్ అన్న, బ్యాండ్ గాయకుడు రే డేవిస్ రాయబోయే గొప్ప పాటలకు ముందస్తు సూచన. చివరి పాట "గాట్ లవ్ ఇఫ్ యూ వాంట్ ఇట్" బిగువుగా ముగిస్తుంది. నా సలహా: గిటార్ శబ్దం ఎక్కడ పుట్టిందో తెలుసుకోవాలనుకుంటే ఇది వినండి. మొదటి పాట నుంచి చివరి దాకా నిలబెట్టే ఆల్బమ్ కావాలంటే ఇది కాదు.

రోలింగ్ స్టోన్స్ మొదటి ఆల్బమ్ (1964 ఏప్రిల్) కూడా ఇదే కాలానిది. గోడలకు గుడ్ల అట్టలు అంటించిన రీజెంట్ సౌండ్ అనే చిన్న స్టూడియోలో, రెండు ట్రాకుల మెషీన్ మీద రికార్డ్ చేశారు. చాలా బాగుంటుంది. జాబితాలో ఎందుకు పెట్టలేదంటే, స్టోన్స్‌ను మీరు ఎలాగూ ఎప్పుడో ఒకప్పుడు వింటారు. వాళ్లకు నా సిఫార్సు అక్కర్లేదు.

ప్రెటీ థింగ్స్: అన్నిటికన్నా పచ్చిది

ఈ బ్యాండ్‌కు మాత్రం సిఫార్సు కావాలి. గిటారిస్టు డిక్ టేలర్ తొలినాళ్లలో స్టోన్స్‌తో కలిసి వాయించినవాడు. అందులోంచి బయటికొచ్చి, ఆర్ట్ కాలేజీలో పరిచయమైన ఫిల్ మేతో కలిసి ఈ బ్యాండ్ పెట్టాడు. పేరు బో డిడ్లీ పాట నుంచి తీసుకున్నారు. 1965లో ఫాంటానా సంస్థ విడుదల చేసిన మొదటి ఆల్బమ్ పేరు కూడా "ద ప్రెటీ థింగ్స్". రికార్డింగ్ మొదలైన కాసేపటికే అసలు ప్రొడ్యూసర్ వీళ్ల ధాటికి తట్టుకోలేక వెళ్లిపోయాడు. పని అందుకున్నది బాబీ గ్రాహం. ఆయన స్టూడియో డ్రమ్మర్. కింక్స్ "యూ రియల్లీ గాట్ మీ"లో డ్రమ్స్ వాయించింది ఆయనే. రెండు ఆల్బమ్‌లకూ మధ్య ఇలాంటి దారం ఒకటి ఉందని తెలిశాక వినడంలో రుచి పెరిగింది నాకు.

మొదటి పాట "రోడ్ రన్నర్" బో డిడ్లీదే. వింటే అసలు పాటకు చుట్టం అని కూడా అనిపించదు. డ్రమ్మర్ వివ్ ప్రిన్స్ తాళం పట్టడు, తాళాన్ని తరుముతాడు. గొంతు కేకకూ పాటకూ మధ్యన ఉంటుంది. లిబర్టీన్స్ నిర్లక్ష్యం వెనక ఒక కవిత్వం ఉంది, పాత ఇంగ్లండ్ కల ఉంది. ప్రెటీ థింగ్స్‌లో అదేమీ లేదు, ఉన్నదంతా చెమటే. "13 చెస్టర్ స్ట్రీట్" వాళ్లున్న ఇంటి అడ్రసు, దాన్నే పాట పేరు చేసేశారు.

ఇంత ఇష్టమైనా కొత్తవాళ్లకు మొదట దీన్ని ఇవ్వను. బ్లూస్ అలవాటు లేని చెవికి పాటలన్నీ ఒకేలా అనిపించే ప్రమాదం ఉంది. ముందు కింక్స్‌తో చెవి అలవాటు పడి, ఇంకా గరుకుగా కావాలనిపించిన రోజున దీని దగ్గరికి రండి. ఆ రోజు మీకు ఇదే అన్నిటికన్నా ఇష్టం కావచ్చు. వాళ్ల ప్రసిద్ధ సింగిల్స్ "రోజలిన్", "డోంట్ బ్రింగ్ మీ డౌన్" అసలు బ్రిటిష్ ఆల్బమ్‌లో లేవు. బోనస్ పాటలుగా చేర్చిన సీడీలు ఉన్నాయి, కొంటే అలాంటిదే కొనండి. ఆ రెండు పాటలూ డేవిడ్ బోవీ 1973లో తన కవర్ల ఆల్బమ్‌లో పాడాడు.

ఆర్కిటిక్ మంకీస్: తేలిగ్గా లోపలికి రానిచ్చే తలుపు

షెఫీల్డ్ నగరం. నలుగురు కుర్రాళ్లు. కచేరీల్లో డెమో సీడీలు ఉచితంగా పంచితే అభిమానులే వాటిని ఇంటర్నెట్‌లో ఒకరికొకరు పంచుకున్నారు. 2006 జనవరిలో డొమినో సంస్థ ద్వారా "వాటెవర్ పీపుల్ సే ఐ యామ్, దట్స్ వాట్ ఐయామ్ నాట్" విడుదలైంది. మొదటి వారంలోనే బ్రిటన్‌లో 3,60,000 పైగా కాపీలు అమ్ముడయ్యాయి. ఒక బ్యాండ్ మొదటి ఆల్బమ్ అంత వేగంగా అమ్ముడుపోవడం అక్కడ అంతకుముందు లేదు. అదే ఏడాది బ్రిటన్‌లో ఉత్తమ ఆల్బమ్‌కిచ్చే మెర్క్యురీ ప్రైజ్ కూడా వచ్చింది.

నాలుగింటిలోనూ వినడానికి సులువైనది ఇదే. రికార్డింగ్ శుభ్రంగా, బిగువుగా ఉంటుంది. ఆ శుభ్రత వల్లనే పచ్చిదనంలో లిబర్టీన్స్ కంటే ఒక మెట్టు కింద నిలుస్తుంది. కానీ మాటల్లో ఈ బ్యాండ్ గాయకుడు అలెక్స్ టర్నర్‌ను మించినవాళ్లు ఈ నాలుగు బ్యాండ్లలో లేరు. శనివారం రాత్రి క్లబ్బు బయట క్యూ, లోపలికి రానివ్వని బౌన్సర్, ఇంటికెళ్లే టాక్సీలో ఎవరెక్కాలన్న గొడవ: ఇంత చిన్న విషయాల్లోంచి పాటలు చేశాడు. షెఫీల్డ్ యాస మొదట కాస్త తికమక పెడుతుంది, రెండో రోజుకు అలవాటవుతుంది. చివరి పాట "ఎ సర్టెన్ రొమాన్స్" దాకా ఆగకుండా వినండి. అప్పటిదాకా ఎగతాళి చేసిన తన ఊరి కుర్రాళ్లను అక్కడ ప్రేమతో వెనకేసుకొస్తాడు.

రాక్ అస్సలు వినని స్నేహితుడికి, లేదా కారులో అందరూ కలిసి వినడానికి అయితే నేను సందేహం లేకుండా దీన్నే పెడతాను.

ఏ ఎడిషన్?

దీని మీద డబ్బు పోగొట్టుకున్నాను, అందుకే కాస్త వివరంగా చెబుతున్నాను. ఒక ఆన్‌లైన్ షాపులో పాత బ్రిటిష్ ఎల్‌పీ (వినైల్ రికార్డు) అనుకుని ఆర్డర్ పెడితే వచ్చింది అమెరికా వెర్షన్, పాటలే వేరు. అరవైలలో బ్రిటిష్ ఆల్బమ్‌లను అమెరికాలో పాటలు మార్చి విడుదల చేయడం మామూలే. ఆర్డర్ పెట్టే ముందు పాటల జాబితాను వరుసగా సరిచూసుకోండి, కవర్ ఫొటోను నమ్మకండి.

1964, 65 ఆల్బమ్‌లకు మోనో, అంటే రెండు స్పీకర్లలోనూ ఒకే శబ్దం వచ్చే వెర్షన్ దొరికితే మోనోనే తీసుకోండి. ఆ రోజుల్లో అసలు శ్రద్ధ మోనో మిక్స్ మీదే పెట్టేవాళ్లు. గొంతు, గిటార్, డ్రమ్స్ అన్నీ ఒకే ముద్దగా వచ్చి తగులుతాయి. ఆ కాలపు స్టీరియో మిక్స్‌లలో చాలాసార్లు గొంతు ఒక చెవిలో, వాయిద్యాలు ఇంకో చెవిలో విడిపోయి దెబ్బ బలం తగ్గిపోతుంది.

లిబర్టీన్స్‌కు అసలు 12 పాటల వెర్షన్ చాలు. వాళ్ల మొదటి సింగిల్ "వాట్ ఎ వేస్టర్" అందులో లేదు. దాన్ని ప్రొడ్యూస్ చేసింది స్వేడ్ బ్యాండ్ మాజీ గిటారిస్టు బెర్నార్డ్ బట్లర్. కొన్ని తర్వాతి ఎడిషన్లలో ఆ పాటను అదనంగా చేర్చారు. మంచి పాటే, కానీ ఆల్బమ్ వరుసలో కలిపి కాకుండా విడిగా వినండి. "ఐ గెట్ అలాంగ్"తో ముగియాల్సిన ఆల్బమ్ దానితోనే ముగియాలి. 2022లో ఇరవయ్యేళ్ల సందర్భంగా రీమాస్టర్ చేసిన ఎడిషన్ వచ్చింది. అందులో లండన్ 100 క్లబ్‌లో చేసిన కచేరీ రికార్డింగ్ కూడా ఉంది. ఆల్బమ్ కంఠస్థమయ్యాక అది కొనండి, ముందు కాదు. కచేరీలో ఏది మారిందో గుర్తుపట్టడంలోనే దాని ఆనందం ఉంది.

లిబర్టీన్స్ రెండో ఆల్బమ్ (2004) చార్టుల్లో నంబర్ వన్ అయింది కదా, దానితో మొదలుపెట్టొచ్చా అని అడగొచ్చు. వద్దు. అది ఇద్దరు స్నేహితులు విడిపోతున్న ఆల్బమ్. మధ్యలో జైలు, డ్రగ్స్, అవిశ్వాసం అన్నీ వచ్చాయి. ఆ స్నేహం ఎంత వెచ్చగా ఉండేదో మొదటి ఆల్బమ్‌లో విననివాళ్లకు ఆ విడిపోవడం తగలదు.

మా మేనల్లుడికి చివరికి "అప్ ద బ్రాకెట్" పంపాను. ఫోన్ స్పీకర్లో వినొద్దని, మొదటిసారి డ్రమ్స్ మాత్రమే పట్టించుకోమని రాశాను. మూడు రోజులు జవాబు లేదు. నాలుగో రోజు రాత్రి పదిన్నరకు వాయిస్ మెసేజ్ వచ్చింది. "డెత్ ఆన్ ద స్టెయిర్స్" గిటార్ వాయించబోయి మధ్యలో తప్పాడు, ఆగలేదు, అలాగే ముందుకు వెళ్లిపోయాడు. కింద ఒక లైను: "మామయ్యా, రెండో గిటార్ వాయించడానికి ఇంకొకడు కావాలి."